కొట్లోంచి క్లాసులోకి

సావిత్రీ,

నువ్వీ లోకంలో లేవని, ఇది చదవలేవని తెలిసినా రాస్తున్నాను. ఈ ఆనందం నీకు కాక ఇంకెవరికి చెప్పను? నరసన్నపేటలో మన కొట్లో ఇరవై ఏళ్లు చీరలు మడతపెట్టిన మన సుశీల, నలభై రెండేళ్ల వయసులో లాయరు కావాలని ఈరోజు కాలేజీలో చేరింది. నేనూ తోడు వెళ్లాను.

క్లాసు గుమ్మం దగ్గర, "ఎల్లిపోదాం నాన్నా, అందరూ సిన్నపిల్లలే" అని ఆగిపోయింది. బతిమాలి లోపలికి పంపాను. మేడమ్ వచ్చిందనుకుని పిల్లలంతా లేచి నిలబడ్డారు.

"కూకోండర్రా, నేనూ సదువుకోడానికే వచ్చినాను" అంది.

ఒక పిల్ల జరిగి, "అయితే ఇలాగొచ్చి కూకో అక్కా" అంది.

సుశీల కూర్చుని పుస్తకం తెరిచింది. అంతలో మాస్టారు వచ్చి, ఎవరు కావాలని నన్నడిగారు.

"మా అమ్మాయి ఇక్కడ సదువుతన్నాది బాబూ" అన్నాను.

ఆ మాట నా నోటివెంట నేనే వింటుంటే, నా ఒళ్లు పులకరించిందే.