కుడికాలి మీద చేయి

ఎలీషా,
సురంగల్‌లో అందరం క్షేమం. సరిహద్దులో నీకు ఫోను అందదని కార్డు రాస్తున్నాను. మీ అమ్మ పోయాక కూడా ఆమె చేసినట్టే నీ ఫొటో మీద చేయి పెట్టి, తల నుంచి పాదాల దాకా ప్రార్థిస్తున్నాం. ఆదివారం కుడికాలి దగ్గరికి రాగానే నీ బిడ్డ జెన్నీ నా చేయి పట్టి ఆపింది.
"తాతా, ఆడ పెట్టకు. నాయనమ్మ పట్టుకున్నది."
మీ అమ్మ పోయేనాటికి జెన్నీకి మాటలే రాలేదు. కోడలు ప్రేమజ్యోతికి ఈ సంగతి చెప్పలేదు. క్యారెట్ పీకించాం, ధర ఫరవాలేదు. ఉన్ని సాక్సులు అందాయా? కాలు ఎలా ఉన్నదో నీ చేత్తో నాకు విడిగా రాయి. అప్పటిదాకా అక్కడ నేను చేయి పెట్టను, ఆమె పట్టు సడలుతుందేమోనని. ప్రభువు నిన్ను నడిపించుగాక.
బాపు