రెండు బస్తాల సిమెంటు

జూలై 1, మంగళవారం

మొదలుపెట్టేశాను. ఏమైతే అదవుతుంది.

కెజియాకి నెలకి ఐదొందలు. ఎనిమిదో క్లాసుకొచ్చింది, ఆ మాత్రం ఉండాలి. జోయెల్‌కి వారానికి యాభై. నోట్లే ఇచ్చాను, చేతికి. ఈ ఇంట్లో పిల్లలకి డబ్బంటే వాళ్ళ నాన్న ఫోన్లోంచి వచ్చే టింగుమనే చప్పుడు. "నాన్నా, స్కాన్ కొట్టు" అంటాడు వీడు. కొళాయి తిప్పితే నీళ్ళొచ్చినట్టు.

రూల్స్ రెండే. దేనికి ఖర్చుపెట్టారని నేను అడగను. అయిపోతే పైసా కలపను.

ఈయన ఇబ్రహీంపట్నం డ్యూటీ నుంచి వచ్చి, ఇంకా బూట్లయినా విప్పలేదు — "మాకెవడిచ్చాడు నిర్మలా పాకెట్ మనీ? బతకలేదా?"

బతికారు. నెలాఖరు వచ్చేసరికి నా పర్సు వెతుక్కుంటూ బతుకుతున్నారు.

ఊళ్ళో వాళ్ళందరితో పిల్లల పేరు మీద పాలసీలు కట్టిస్తాను. పొదుపు గురించి గన్నవరం దాకా స్కూటీ మీద తిరిగి పాఠాలు చెబుతాను. ఇంట్లో చెప్పకపోతే ఎలా?

జూలై 3, గురువారం

జోయెల్ యాభై అయిపోయాయి! "ఏం కొన్నావురా?" అని నాలిక చివరిదాకా వచ్చింది. అడగనన్నానుగా... మింగేశాను. వాడే చెప్పాడు. ఫ్రెండ్స్‌కి పఫ్‌లట. "వాళ్ళకే సరిపోయాయమ్మా, నాకు రాలేదు."

పెద్ద దానకర్ణుడు. నవ్వుతూ చెబుతాడు పైగా.

జూలై 5, శనివారం

సందు చివర కొట్టుకెళ్ళి పెరుగు ప్యాకెట్ తెచ్చినందుకు ఐదు రూపాయలడిగాడు. కూలీ అట. వీపు మీద ఒకటిచ్చాను, కూలీ.

జూలై 8, మంగళవారం

కెజియా వాళ్ళకి వైజాగ్ టూరు. రెండ్రోజులు. మూడు వేలు. రేష్మా వెళ్తోందట. ఎదురింటి పిల్ల, ఎల్‌కేజీ నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇది వెళ్ళకుండా ఉంటుందా!

సగం నేను, సగం నువ్వు — అన్నాను.

"నిజంగా నేనే కట్టాలా?"

"నిజంగా."

మంచం మీద బోర్లా పడుకుని లెక్కేసుకుంది. ఈ నెలవి, వచ్చే నెలవి కలిపినా ఇంకా ఐదొందలు తక్కువ. మొహం వేలాడేసింది. నేను కరగలేదు. కరగకూడదు.

జూలై 12, రెండో శనివారం

చల్లపల్లి వెళ్ళొచ్చాం. వెళ్ళగానే చెప్పాను — అత్తయ్యా, ఈసారి పిల్లల చేతిలో ఏమీ పెట్టకండి, డబ్బు విలువ అలవాటు చేస్తున్నాను అని. "సరేనమ్మా, నీ ఇష్టం" అంది. ఎంత బుద్ధిగా అందో.

బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెరొక ఐదొందల నోటు! "వట్టి చేతుల్తో పంపిస్తే నాకు అన్నం దిగుద్దా?"

ఎవరికి చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే.

జోయెల్ నోటు లాక్కున్నాను. కెజియా ఇవ్వలేదు. "ఇదీ నాదేగా?" నీదే అన్నాను, ఏం చేస్తాను. ఊరుకుందా? "మరి ఇన్నాళ్ళూ నాన్నమ్మ ఇచ్చినవన్నీ దాచిపెడతా ఇటివ్వు అన్నావుగా. అవెక్కడున్నాయమ్మా?"

గ్యాసు బండలో ఉన్నాయి. మీ స్కూలు బూట్లలో ఉన్నాయి. చెప్పలేదు. ఉయ్యూరు వచ్చేదాకా నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాను.

దిగాక మాత్రం చెయ్యి పట్టుకుని ఊపేసింది. "లెక్క సరిపోయిందమ్మా! టూరుకి సరిపోయింది!"

జూలై 16, బుధవారం

కెజియా రూపాయి తియ్యడం లేదు. పెన్ను అయిపోతే తమ్ముడిది తీసుకెళ్ళింది. నిన్న బండి మీద ఐస్ వస్తే లోపలికి వెళ్ళిపోయింది. నేను చూడనట్టు చూశాను. ఇవాళ ఒక పార్టీకి పాలసీ చెబుతూ మా అమ్మాయి గురించి కూడా చెప్పాను. వాళ్ళు సంతకం పెట్టలేదు గానీ నాకు భలే హాయిగా ఉంది.

జూలై 20, ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది. రాస్తే గానీ చల్లారదు.

మందిరం మీద స్లాబు వేస్తున్నారు. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు మైకు పట్టుకుని — "ఏ కుటుంబం ఎన్ని బస్తాల సిమెంటు? ప్రభువు ఎవరి హృదయాన్ని ప్రేరేపిస్తే వాళ్ళు లేచి నిలబడండి." రిటైరైన హెడ్మాస్టరు గారు లేచి పది అన్నారు. చప్పట్లు. ఐదు. ఇంకో ఐదు. ఆ మూల నుంచి మూడు. వరసలో ఒక్కొక్కళ్ళూ లేస్తున్నారు.

నా పక్కన కదలిక. చూసేలోపే నా కూతురు నిలబడి ఉంది! చున్నీ సర్దుకుంటూ — "అయ్యగారూ, నేను రెండు బస్తాలు."

"ఎక్కడివమ్మా నీకు డబ్బులు?"

"నా పాకెట్ మనీ అండీ."

ఇంకేముంది... హల్లెలూయా! "చూడండి, చిన్నబిడ్డ విశ్వాసం చూడండి!" మందిరమంతా చప్పట్లు. జోయెల్ కూడా చెయ్యెత్తబోయాడు. మణికట్టు పట్టుకుని కిందకి లాగాను, గోరు గుచ్చుకున్నట్టుంది పాపం.

బయటికొస్తే ప్రతివాళ్ళూ ఆగి — వందనాలండీ, ఏం పెంచారండీ పిల్లని! పళ్ళికిలిస్తూ నిలబడ్డాను. దవడలు నొప్పి.

స్కూటీ ఎక్కగానే అడిగాను. టూరు సంగతేంటే?

"ఏమో."

"ఏమో ఏంటే! రెండు బస్తాలంటే ఎంతో తెలుసా? దాదాపు ఎనిమిది వందలు!"

"దేనికని అడగనన్నావుగా."

అన్నాను. నేనే అన్నాను. నా నోరు పడిపోను.

జూలై 21, సోమవారం

పొద్దున నెమ్మదిగా చెప్పాను. నువ్వు చిన్నపిల్లవి, అయ్యగారు ఏమీ అనుకోరు, వచ్చే ఏడాది ఇస్తానని చెప్పేసెయ్.

"స్లాబు వచ్చే ఏడాది వేస్తారా?"

దీని నోరు ఎవరి పోలికో. ఈయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

జూలై 23, బుధవారం

ఇక లాభం లేదని నేనే వెళ్ళాను. అయ్యగారితో ఏం మాట్లాడతాను, ఆయన భార్య అమ్మగారితో అయితే ఆడవాళ్ళం, చెప్పుకోవచ్చు అనుకున్నాను. దారిపొడుగునా మాటలు సర్దుకున్నాను — పిల్ల తెలీక అనేసిందండీ, కావాలంటే ఒక బస్తాకి తగ్గిద్దామండీ అని.

అమ్మగారు నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. "మీ పాపని చూసి సిగ్గుపడి యూత్ కుర్రాళ్ళు నలుగురు లేచారమ్మా ఆ సాయంత్రం! దేవుడు ఎవర్ని వాడుకుంటాడో చూశారా!" టీ ఇచ్చింది. కాజాలు పెట్టింది.

అవునండీ అన్నాను. అవునండీ, అవునండీ. టీ చల్లారిపోయింది, నేను సర్దుకున్న మాట ఒక్కటీ బయటికి రాలేదు. స్లాబు రోజు పనివాళ్ళకి టిఫిన్లు ఎవరు చూస్తారో ఏమో అని ఆమె అంటుంటే... దాందుంపతెగ, నేను చూసుకుంటానండీ అనేశాను!

తగ్గించమని అడగడానికి వెళ్ళి పెంచుకొచ్చాను.

జూలై 24, గురువారం

ఈయనకి చెప్పక తప్పలేదు. గోడకి ఆనుకుని నవ్వారు. "కూతురు సిమెంటు, తల్లి ఇడ్లీలు. ఇంక నేను ఇసకా కంకరా చూసుకోనా?"

ఈయనతో మాట్లాడను, రెండ్రోజులు.

జూలై 27, ఆదివారం

మొదటి బస్తా డబ్బులు కట్టేసింది. రసీదు బైబిల్లో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

జూలై 30, బుధవారం

రేష్మా గుమ్మంలో నిలబడి — "ఆంటీ, కెజియా టూరుకి రావట్లేదంట, మీకు సెలవు దొరకలేదంట కదా?"

నా సెలవుకీ దీని టూరుకీ ఏంటి సంబంధం? పిల్ల ఏదో అబద్ధం చెప్పుకుంది. నన్ను అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకేం చెప్పాలో తెలీక "చూద్దాంలేమ్మా" అన్నాను.

లోపల కెజియా స్నానాల గదిలో ఉంది. కొళాయి తిప్పి ఉంది. బకెట్ నిండి పొర్లిపోతున్న చప్పుడు... ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సబ్బు పడిందట.

ఎందుకొచ్చిన పాకెట్ మనీ. అడిగినప్పుడల్లా తిట్టుకుంటూ ఇచ్చినన్నాళ్ళూ ఇల్లు హాయిగా ఉంది.

ఆగస్టు 1, శుక్రవారం

ఇచ్చాను. మళ్ళీ ఐదొందలు, యాభై. కెజియా రెండో బస్తాకని విడిగా పెట్టేసింది నా కళ్ళముందే. మిగిలినవన్నీ కలిపినా టూరులో తన వాటాకి సగం.

మాట మీద నిలబడటం నేర్పాలనే అనుకున్నాను. ఇలా కాదు.

ఆగస్టు 3, ఆదివారం

రెండో బస్తా కూడా అయింది. అయ్యగారు మళ్ళీ మైకులో పేరు చదివారు. మళ్ళీ చప్పట్లు.

మధ్యాహ్నం అంట్లు తోముతుంటే పక్కన నిలబడి గిన్నెలు బోర్లిస్తోంది. ఇక ఉండబట్టలేక అడిగేశాను. రూలూ లేదు, గీలూ లేదు. అసలెందుకు లేచావే? ఎవరడిగారు నిన్ను?

గిన్నె తుడుస్తూ, గిన్నెకే చెబుతున్నట్టు — "మన ముందు వరసలో అందరూ లేచారు. వెనక వరసలో కూడా. అయ్యగారు మన వైపే చూస్తున్నారు. నాన్న తలొంచుకుని ఫోన్ చూసుకుంటున్నారు. నువ్వు బ్యాగులో ఏదో వెతుక్కుంటున్నావ్. మనింట్లో ఎవరూ లేవరని నాకు తెలిసిపోయిందమ్మా. సిగ్గేసింది."

నేను కర్చీఫు వెతుక్కుంటున్నానే అన్నాను.

కర్చీఫు నీ చేతిలోనే ఉంది — అంది.

చెంప మీద ఒక్కటిచ్చినట్టయింది. మిగతా గిన్నెలన్నీ నేనే బోర్లించాను.

ఆగస్టు 4, సోమవారం

ఏం చెయ్యమంటారు నన్ను? ఈ నెల రెండు పార్టీలు జారిపోయాయి. స్కూటీకి టైరు కావాలి. హెడ్మాస్టరు గారికి పెన్షనుంది, లేచి నిలబడతారు. లేని వాళ్ళు బ్యాగులో తల దూర్చక ఏం చేస్తారు? ఆ మాట పదమూడేళ్ళ పిల్లకి ఎలా చెప్పడం? దానికి చెప్పకుండానే అర్థమైపోయింది, అదే నా బాధ. అర్థమై, ఇంటి పరువు కోసం తన టూరు తీసుకెళ్ళి సిమెంటులో పోసింది. దాని మీద కోపం, అయ్యగారి మీద కోపం, ఆ మైకు మీద కోపం. అన్నిటికన్నా నా మీద.

ఆగస్టు 5, మంగళవారం

"తక్కువైంది నేను కట్టేస్తానులే, స్కూలుకి ఫోన్లో పంపించేస్తే అయిపోద్ది" అన్నారు ఈయన.

వద్దన్నాను. మళ్ళీ టింగు. మళ్ళీ కొళాయి. పైసా కలపనని నేను ఇంటందరి ముందూ అన్న మాట ఏమవ్వాలి? రేపట్నుంచి నేను చెప్పే ఏ మాటకైనా విలువ ఉంటుందా?

"అయితే పిల్లని ఇంట్లో కూర్చోబెడతావా?"

నాకేం తెలుసు. నన్నడక్కండి.

ఆగస్టు 6, బుధవారం

గురువారం పదింటి దాకే ఫీజు తీసుకుంటారట. స్కూలుకి ఫోన్ చేశాను. పొడిగించరట. కెజియా ఆ ఊసే ఎత్తడం లేదు. రేష్మా కొత్త బ్యాగు చూపిస్తే చాలా బాగుందే అని తిప్పి తిప్పి చూసింది. ఏడ్చినా బాగుండును. నామీద అరిచినా బాగుండును.

ఆగస్టు 7, గురువారం

పొద్దున్నే కవర్లో పెట్టాను. నా వాటా, దాని వాటాలో తక్కువైంది కూడా. టైరు డబ్బులు. పోనీ టైరు.

జడేసుకుంటుంటే ఇచ్చాను. తీసుకో, వెళ్ళగానే ఆఫీసులో కట్టెయ్.

కవరు తెరిచి చూసింది. మొహం వెలిగిపోతుందనుకున్నాను, చూద్దామని నిలబడ్డాను. అది నన్నే చూస్తోంది.

"ఎక్కువున్నాయిగా ఇందులో."

"ఉంటే ఉన్నాయిలే."

"పైసా కలపనన్నావుగా."

రిబ్బను అందించాను.

"అమ్మా... ఇవి నా టూరుకిస్తున్నావా, మనింటి బస్తాలకిస్తున్నావా?"

పొగరుగా కాదు. నిజంగానే అడిగింది, జవాబు కావాలన్నట్టు.

బస్తాలకే. ఆ ఒక్క మాట అనుంటే సరిపోయేది. అవి మేం ఇవ్వాల్సినవి, నువ్వు ఇచ్చావ్, ఇదిగో నీవి నీకు... ఇంతేగా! ఊళ్ళో వాళ్ళకి గంటలు గంటలు చెబుతానే.

"ముందు టిఫిను తిను, ఉప్మా చల్లారిపోతోంది" అన్నాను.

రెండు ముద్దలు తింది. వ్యాను హారను కొట్టింది. జోయెల్‌ని లాక్కుంటూ వెళ్ళిపోయింది. కవరు చెప్పుల స్టాండు మీద పెట్టేసింది, జాగ్రత్తగా, ఎగిరిపోకుండా నా హెల్మెట్ కింద.

తొమ్మిదీ ఇరవై. స్కూలుకి స్కూటీ మీద పావుగంట. దాని దగ్గర మిగిలినవి ఇంట్లోనే ఉన్నాయి, కలిపి కట్టేసి రాగలను, అదేం పెద్ద పని కాదు.

సాయంత్రం అది వచ్చి మళ్ళీ అడుగుతుంది. అప్పుడైనా అనగలనా?

తొమ్మిదీ ముప్పై.