తొట్టిలో సగం

జమ్మలమడుగు,
శనివారం సాయంత్రం.

అక్కా,

మనం ఊరు విడిచిన పొద్దు నేను ఆవు పలుపు విప్పానా, విప్పకుండానే వచ్చి బండెక్కానా?

క్షేమం అడగకుండా ఉత్తరం ఇలా మొదలుపెట్టడం తప్పే. ఇన్నేళ్లుగా ప్రతి ఉత్తరం చివరా అడుగుదామనుకుంటాను. చివరికి వచ్చేసరికి కాగితం అయిపోయిందని నాకు నేనే చెప్పుకుని మానేస్తాను. అందుకే ఈసారి ముందే అడిగేశాను. ఇక పద్ధతిగా రాస్తాను. నేనిక్కడ బాగున్నాను. చెన్నూరులో నువ్వు, బావగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అమ్మ కంట్లో చుక్కలు వేళకు వేస్తున్నావా? ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఆవు గురించి అడిగిన మొదటి వాక్యమూ, కింద వచ్చే కోడిగుడ్ల సంగతీ దాటెయ్యి.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. నా ఒక్కదానికి వంటేమిటని పొద్దున కెలికిన సంగటే సాయంత్రం కూడా మజ్జిగలో కలుపుకుంటున్నాను. బాగానే తింటున్నాను, దిగులు పడొద్దు. నేను పాఠాలు చెప్పే ట్యుటోరియల్ మూసేశాక ఇక్కడెందుకు, వచ్చెయ్యమని రాశావు. రాలేను అక్కా. ఇంటినిండా ప్రాణులు. ఊళ్లలో గొడవలై ఇంటికి తాళం వేసి వచ్చినవాళ్లు, యాత్రలకు పోయేవాళ్లు, తమ కుక్కనో బర్రెనో నా పెద్ద దొడ్డిలో అప్పగించి పోతున్నారు. తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి కుక్క చెవుల్లో పిడుదులు ఏరుతున్నాను. అయినా ఆ పుస్తకాల్లో దొరకనిదేదో ఈ దొడ్డిలో ఉందనిపిస్తుంది. నిజంగా ఉందా, ఒంటరితనం అలా అనిపిస్తోందా అన్నది మాత్రం చెప్పలేను.

ప్లీడరు గుమాస్తా ఒకాయన కాశీకి పోతూ చిలకను వదిలిపోయాడు. దానికి వచ్చిన మాట ఒక్కటే, వాళ్ల పార్టీ నాయకుడికి జిందాబాద్. అవతలి పార్టీవాళ్లు ఎవరైనా గేటు తీస్తే పంజరం మీద దుప్పటి కప్పాలి. మొన్న మరిచిపోయాను. వచ్చినాయన కాసేపు విని, "దీనికి ఓటుందా టీచరమ్మా?" అన్నాడు. లేదన్నాను. "అట్లయితే అరుచుకోనీలే" అని తన కుక్కను పిలుచుకుని పోయాడు.

అసలు చెప్పాల్సింది ఎద్దుల గురించి. బండలాగుడు పోటీలకు పెంచిన జత. మూడు నెలలుగా నా దగ్గరే ఉన్నాయి. పక్కన నిలబడితే నా తల వాటి మూపురం దాకా రాదు. మొదటి వారం భయంతో దూరం నుంచే చొప్ప విసిరాను. ఇప్పుడు వాటి మెడ కింద తల పెట్టి ఊపిరి వింటాను. లోపల ఎక్కడో పెద్ద వాన కురుస్తున్నట్టుంటుంది.

ఉడికిన ఉలవలతోపాటు రోజూ కోడిగుడ్లు తాపాలట వాటికి. నాన్న ఉంటే నన్ను వంటింట్లోకి రానిచ్చేవాడు కాదు. మొదట్లో ముక్కు మూసుకుని పగలగొడుతుంటే, పక్కింటి ఉసేన్‌బీ నవ్వి, "ఓసి అయ్యోరమ్మా, గుడ్డు నువ్వేం తినేది లేదు గదా, ఎద్దు గదా తినేది. ఇట్లియ్యి" అని తీసుకుని వెదురు గొట్టంలో పోసి తాపింది. ఇప్పుడు నేనే తాపుతున్నాను. ఇదీ గుడ్ల సంగతి.

ఈ జతకు యజమాని ఒక్కడు కాదు. కాడికి ఎడమవైపు నడిచే దాపటిది పులివెందుల దిక్కు ఓబులేసుది. కుడివైపు నడిచే ఎలపటిది ప్రొద్దుటూరు దగ్గర రాజుపాలెం దిక్కు సుంకన్నది. ఇద్దరూ మొదట గొర్రెలు కాసుకున్నవాళ్లే, తర్వాత సేద్యంలో దిగారు. చుట్టరికం లేదు. ఎవరి ఎద్దును వాళ్లు పెంచి, ఒక తిరునాళ్లలో ఊరికే కట్టి చూస్తే రెండూ ఒకే ఎద్దులా లాగాయట. అప్పటినుంచి ఒకరింట్లో ఒకరు తిన్నారు. పోయిన ఎన్నికలకు ముందు సుంకన్న ఊరి నాయకుడు పార్టీ మారాడు. అంతే, ఒకరి గడప ఒకరు తొక్కకూడదని రెండు ఊళ్ల నుంచీ కబురు వచ్చింది. ఎద్దులను ఏ ఊరికీ చెందని చోట ఉంచుదామని నా దొడ్డికి తోలారు. మంగళవారం ఓబులేసు వస్తాడు, శుక్రవారం సుంకన్న. ఎదురుపడరు. కానీ ఇద్దరూ తెచ్చిన ఉలవలను రెండు సమాన కుప్పలు పోస్తారు. ఇద్దరూ ముందు అవతలివాడి ఎద్దునే నిమురుతారు. పోయేటప్పుడు ఇద్దరూ ఒకే మాట అడుగుతారు: "ఆయప్ప బాగుండాడా?"

నెల కిందట ఒకటి చూశాను అక్కా. ఎవరికీ చెప్పలేదు, నీకు రాస్తున్నాను. ఎలపటిదానికి లాడాలు కొట్టించడానికి పొద్దున్నే మనిషి తోలుకుపోయాడు. దాపటిది ఒక్కటే మిగిలింది. రెండింటికీ మేత తొట్టి ఒకటే. అలవాటుగా తొట్టి నిండా పోసి, కుక్కల పని చూసుకుని మధ్యాహ్నం వచ్చాను. దాపటిది తన సగం తిన్నది. అవతలి సగం పోసింది పోసినట్టే ఉంది, గీత గీసినట్టు. కొట్టంలో కూడా తన వైపే నిలబడి ఉంది, ఎలపటిది నిలబడే జాగా ఖాళీగా వదిలేసి. పలుపు పొడుగే, కావాలంటే జరగొచ్చు. జరగలేదు. సాయంత్రం ఎలపటిది వచ్చి తన జాగాలో నిలబడి తన సగం తిన్నాకనే ఇది నీళ్లు తాగింది. నేను అక్కడే పేడ మీద కూలబడి ఉన్నాను. దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక ఊరుకున్నాను.

నిన్న శుక్రవారం సుంకన్న వచ్చి ఎద్దుల దగ్గరికి పోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఆదివారం పొద్దున్నే లారీ తెస్తా టీచరమ్మా. నా దాన్ని మాయన్న ఎద్దుతో కట్టల్లంట. తిరునాళ్లలో ఆయన పేరు మింద లాగల్లంట." వాళ్ల నాయకుణ్ణి వాళ్లు అన్న అంటారు.

"కాదని చెప్పలేవా?"

"పోయినేడు కాదన్నోని గడ్డివామి ఏమాయనో నువ్వూ ఇనింటావు గదా." నేలను చూస్తూ అన్నాడు: "ఆ పొద్దు పలుపు నువ్వే ఇప్పి ఇయ్యి. నా చేత్తో నేను ఇప్పలేను."

ఈ కబురు ఎలా పాకిందో, ఈ మధ్యాహ్నం తన వారం కాకపోయినా ఓబులేసు వచ్చాడు. వస్తూనే దాపటిదాని నుదురు తన నుదుటికి ఆనించుకున్నాడు.

"రేపు సుంకన్న వస్తే నా దాన్ని గూడా ఇప్పి లారీ ఎక్కించు టీచరమ్మా. రెండూ ఒకచోటే ఉండనీ. నేను చెప్పినానని వానికి చెప్పాకు. తీసుకోడు."

"మీ ఊళ్లో నిన్ను ఊరకుంటారా?"

"ఊరకుండరు. నా చీనీ చెట్లు మావోళ్లే నరుకుతారు. అవతలి పార్టీ కాడికి ఎద్దునిచ్చినోడంటారు." నవ్వాడు. "చెట్లు మళ్లా పెట్టుకోవచ్చులే. పదేండ్లు పడతాది, అంతే గదా."

అంతే కదా అన్నాడు అక్కా. ఆ బత్తాయి తోట ఆయన తన చేతులతో బావి తవ్వి పెంచినది. ఆ మనిషికీ, తొట్టిలో సగం వదిలిన ఎద్దుకూ తేడా నాకు కనిపించలేదు.

మొదటి ప్రశ్న ఎందుకు అడిగానో ఇప్పుడు తెలిసి ఉంటుంది నీకు. ఊళ్లో జరిగిన కొట్లాట కేసులో తమ సాక్షిగా పేరు రాయమని రెండు పార్టీలూ నాన్నను పీడిస్తుంటే ఆ తెల్లవారుజామున మనం ఊరు విడిచాం. ఆవును విప్పి రమ్మంది అమ్మ. విప్పితే వెంట వస్తుంది, గంట చప్పుడుకు ఊరు లేస్తుంది, వద్దన్నాడు నాన్న. నాకప్పుడు పదమూడేళ్లు. కొట్టంలోకి పోయాను. పలుపు గరుకు ఇంకా అరచేతిలో ఉంది. ముడి గుర్తులేదు. నువ్వు మలుపు తిరిగేదాకా వెనక్కే చూస్తూ కూర్చున్నావు. నీకు గంట వినిపించిందా? నిజమే రాయి. వినిపించలేదన్నా తట్టుకుంటాను.

అమ్మ పాదాలకు నా తరఫున నువ్వు వంగి దండం పెట్టు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మ కాస్త నిమ్మకాయ ఊరగాయ పెట్టగలిగితే వచ్చేవాళ్ల చేతికివ్వు. నన్ను తలుచుకుని ఒక దీవెన పలకమను, దేనికని అడిగితే ఊరికే అని చెప్పు.

నీ జవాబు వచ్చేసరికి ఆదివారం దాటిపోతుంది. ఒకటి విప్పితే రేపు సాయంత్రం తొట్టి ముందు నిలబడలేను. రెండూ విప్పితే ఒక మనిషి తోటను నా చేతులతో నరికినట్టే. ఏదీ విప్పకపోతే సుంకన్న గడ్డివామికి నిప్పు. ఇప్పుడు కొట్టంలో రెండూ నెమరు వేస్తున్నాయి, ఒకదాని దవడ ఆగితే రెండోదీ ఆగుతోంది. పొద్దున ఎన్ని పలుపులు విప్పుతానో నాకింకా తెలియదు.

నీ చెల్లెలు,
వరలక్ష్మి