కాగితానికి కనబడని కప్ప

ఇబారా, ఈక్వడార్
మార్చి 9

ప్రియమైన అమ్మకు,

పోయిన ఆదివారం నేను ఊళ్ళో బస్సు దిగి ఇంటికి రాగానే, ఇరుగుపొరుగు వింటుండగా "గని కంపెనీ కూడు తినేదానికి నా పొయ్యి దగ్గర చోటు లేదు, ఫో" అన్నావు. అదే బస్సెక్కి వెనక్కి వెళ్ళిపోయాను. కోపం వచ్చి కాదమ్మా. నువ్వు తిట్టిన దానికన్నా పెద్ద తప్పే చేశాను. అది నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది.

మన గువాబల్ వాగులో ఏయే ప్రాణులున్నాయో చూసి రాసే పని కంపెనీ నాకిచ్చింది కదా. ఫిబ్రవరిలో, వాన వెలిసిన సాయంత్రం, రెండో జలపాతం పైన, నీళ్ళ మీదికి వంగిన ఆకుల కింద గాజుకప్పలు కనబడ్డాయి. బొటనవేలి గోరంత ప్రాణి. పొట్ట చర్మం గాజులా ఉండి లోపల గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. ఒక మగకప్ప గుడ్లకు కాపలా కూర్చుంది. నా చెయ్యి దగ్గరికి వెళ్ళినా కదలలేదు. ఆ జాతి మన లోయలో తప్ప ఇంకెక్కడా లేదు. ఉందని రాస్తే గనికి అనుమతి రాదు.

"కనబడలేదని రాయమ్మా" అన్నాడు మా ఇంజనీరు.

"నేను చూశాను సార్."

"నువ్వు చూశావు. కాగితానికి కనబడలేదు."

మొదటి ఉద్యోగం పోతుందని భయపడి సంతకం పెట్టాను. ఆ గోరంత కప్పకున్న మొండితనం నాకు లేకపోయింది.

గని మీద ఊరు వేసిన కేసులో, గురువారం కోర్టులో నా సంతకం అబద్ధమని నేనే చెబుతాను. నా చదువు పట్టా లాక్కుంటారో, జైల్లో పెడతారో, పెట్టుకోనీ. నా కోసం నువ్వు ఎవరినీ బతిమాలవద్దు.

నీ యాదిరా

*

గువాబల్
ఏప్రిల్ 2

తల్లీ యాదిరా,

నీ ఉత్తరం ఊరిసభలో పైకి చదివేశాను. కోపం వస్తే రానీ. "ఒకసారి అబద్ధమాడినదాన్ని ఎలా నమ్మడం?" అన్నాడు మన పక్కింటి అబ్దోన్. "ఒప్పుకున్నది కూడా ఆ పిల్లే కదయ్యా! నీ ఇంట్లో ఎవరన్నా ఒప్పుకున్నారా?" అన్నాను.

నువ్వు సాక్ష్యం చెప్పాక, కళ్ళారా చూస్తానని నిన్న జడ్జమ్మ వచ్చింది. నిన్ను రానివ్వకుండా కంపెనీ వకీలు అడ్డుపడ్డాడట కదా! నేనే ముందు నడిచాను. మోకాలిలోతు బురద. వకీలు రెండుసార్లు పడ్డాడు, నేను చెయ్యి అందించలేదు. ఆకు వెనక్కి తిప్పకుండా కింద నుంచి లైటు వేసి కప్పను చూపించాను. జడ్జమ్మ బురదలోనే మోకాళ్ళూని, ఆకు కింద మొహం పెట్టి చూసింది. తరువాత, తీర్పు వచ్చేదాకా గని పనులు ఆపమని అక్కడే చెప్పింది.

నీ మీద కేసు మాత్రం ఉంటుందట. ఉండనీ. ప్రతి వాయిదాకూ ఊరు ఊరంతా లారీ ఎక్కి వస్తాం, బెంచీలు చాలకపోతే నేల మీద కూర్చుంటాం.

జడ్జమ్మతో వచ్చిన కోర్టు గుమాస్తా సాక్షుల పేర్లు రాసుకుంటూ నా పేరడిగాడు.

"యాదిరా వాళ్ళమ్మను" అన్నాను.

"అది కాదమ్మా, నీ పేరు" అన్నాడు.

మళ్ళీ అదే చెప్పాను. అదే రాసుకున్నాడు.

మీ అమ్మ
దెల్ఫీనా