ఒక్క రాత్రి నిలవ

మార్చి 3
అండాలు పెరగడానికి పొట్టకి మళ్ళీ సూది. ఎడమ వైపు కమిలింది, ఈసారి కుడి వైపు పొడుచుకున్నాను. శ్రీధర్ పక్కనే నిలబడ్డాడు, గోడకేసి చూస్తూ. తన వీర్యంలో కణాలే లేవని డాక్టర్ చెప్పినప్పటి నుంచి నా మొహం చూసి మాట్లాడడు.

మార్చి 5
అత్తయ్య ఫోన్. "ఏమ్మా సునీతా, ఏమన్నా విశేషమా? నీకోసం ఓ మందు కనుక్కున్నా..."
నాకోసం! శ్రీధర్ ఎదురుగానే అన్నం కెలుకుతున్నాడు. పంపండి అత్తయ్యా అన్నాను.

మార్చి 9
రేపు శ్రీధర్‌కి ఆపరేషన్. వృషణం కోసి, లోపల కణాలేమైనా ఉన్నాయేమో వెతుకుతారు. ఎల్లుండి నా అండాలు తీస్తారు. దొరికిన కణాల్ని ఫ్రీజ్ చేసి దాచకూడదా అని ల్యాబ్ చూసే గ్రేస్‌ని అడిగాను. "కొన్నే ఉంటే ఫ్రీజింగ్‌కి చచ్చిపోతాయి, డార్లింగ్." ఒక్క రాత్రి ద్రవంలో ఉంచుతారట. బతికితే మర్నాడు అండంలోకి.

మార్చి 10
దొరికాయి! కొన్నే... కదిలేవి ఇంకా తక్కువ. మత్తు వదిలాక చెప్తే, అటు తిరిగి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఇదే చూడడం.
కారు నేనే నడిపాను. క్వేకర్స్ హిల్‌లో మా ఇల్లు చేరేదాకా ప్రతి స్పీడ్ హంప్‌కీ పళ్ళు బిగించాడు. ఇంటికొచ్చి పడుకున్నాక ఒకటే మాట — "అక్కడ వాటికి చలేస్తుందా?"

మార్చి 11
అండాలు బాగానే వచ్చాయన్నారు. శ్రీధర్ ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది.
గ్రేస్ వచ్చి మంచం అంచున కూర్చుంది. కూర్చోగానే అర్థమైంది. తెల్లారేసరికి దాదాపు అన్నీ ఆగిపోయాయి. ఒక్కటి కదులుతోంది. దాన్ని ఒక అండంలోకి ఎక్కించారు. మిగతా అండాలు ఫ్రీజర్‌లోకి.

మార్చి 12
ఫోన్ వచ్చింది. ఆ అండం ఫలించలేదు.
వంట లేదు. ఎవరం అడగలేదు.

మార్చి 14
శ్రీధర్ తనే అత్తయ్యకి ఫోన్ చేశాడు. "లోపం నాలో ఉందమ్మా. దాన్నేం అనకు." అటునుంచి అత్తయ్య గొంతు — "అమ్మాయి తిందా?"
బాత్రూంలోకెళ్ళి తలుపేసుకున్నాను.

మార్చి 21
క్లినిక్. మళ్ళీ కోసినా దొరుకుతాయన్న నమ్మకం లేదన్నాడు డాక్టర్. నా అండాలున్నాయి కాబట్టి వీర్యదాత సంగతి ఆలోచించమన్నాడు. నాకంటే ముందే శ్రీధర్ "ఓకే" అనేశాడు. సంతకం పెట్టేవాడిలా.
కార్‌పార్క్‌లో ఎండ. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు, స్టార్ట్ చెయ్యలేదు.
"పుట్టాక... ఆ బిడ్డని చూసి నేను మారిపోతే?"
మారవు అనాలి. బెల్ట్ పెట్టుకోమన్నాను.