కిటికీలోంచి వేసిన సంచి

సోమవారం

పొద్దున జనగామ బస్టాండులో సీటు కోసం హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి సంచి వేశాను. తోపులాటలో నేను ఎక్కకముందే బస్సు కదిలింది. వెంట ఉరికితే లోపలి నుంచి ఒక అవ్వ అరిచింది: "నీ సీటు ఎవ్వలకియ్య బిడ్డా, జల్ది రా!"

కంపెనీ కార్డు సంచిలోనే ఉంది. ఇంకోసారి లేటైతే తీసేస్తానని సూపర్‌వైజర్ శనివారమే చెప్పాడు. వెనక బస్సులో నిలబడి ఉప్పల్ చేరేసరికి గంట ఆలస్యం. అక్కడ బస్టాండు కంట్రోలర్, అవ్వ అప్పజెప్పి పోయిన సంచి చేతికిస్తూ నవ్వాడు: "గిది సీట్ల కూసోని టైముకొచ్చింది తమ్మీ. నువ్వేడ పోయినవ్?"

నాకు నవ్వు రాలేదు. కంపెనీకి పోయి కార్డు చూపించినా గేటు తీయలేదు. "రేపు రా, చూద్దాం" అన్నాడు సూపర్‌వైజర్.

మన్నుబడ ఈ నౌకరీ! అది ఉందో ఊడిందో తెలుసుకోవడానికి కూడా రేపు అదే బస్సు ఎక్కాలి.