ఎవరికి మొక్కాలి, ఎవరిని తిట్టాలి

మనవరాలు పుట్టింది యాదమ్మా! మన సుజాతకు ఆడపిల్ల, పెళ్లయిన ఇన్నేళ్లకు! నీ సంవత్సరీకం అయిన వారానికే, నాచారం ఆసుపత్రిలో. ముక్కు అచ్చం నీదే!

ఆనందం పట్టలేక, "అంతా ఎల్లమ్మ తల్లి దయ బిడ్డా, ఉప్పల్‌ల బోనం తీద్దాం" అన్నాను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నీ కూతురు ఊరుకుంటుందా?

"బాపూ, అసలు వింత ఈ లోకం గిట్ల ఉండుడే. అన్నిటిని గుంజే బలం, అణువులను పట్టి ఉంచే బలం జర అటూ ఇటూ అయితే చుక్కలు లేవు, నీళ్లు లేవు, మనం లేం."

"అంటే ఎవరో సరిజేసి పెట్టినట్టే గద!"

"ఎవరికీ ఎరుక లేదు. గట్ల లేకపోతే, అడగనీకి మనమే ఉండకపోదుం."

"గదేం జవాబే? చారు గింత మంచిగ ఎట్లయిందని అడిగితే, లేకపోతే నువ్వు తినకపోదువు అన్నట్టుంది!"

బాలింతతో వాదమేమిటని నువ్వుంటే కసిరేదానివి. కానీ నా చిరాకు ఇంకా తగ్గలేదు. చుక్కలను అంత కచ్చితంగా కుదిర్చినవాడికి నీ ఒంట్లో చక్కెర కుదర్చడం చేతకాలేదా? ఎవరూ కుదర్చలేదంటే, ఈ పాప కోసం ఎవరికి మొక్కాలి? నీ కోసం ఎవరిని తిట్టాలి? బోనం మాత్రం తీస్తాను. ఆ తల్లి ముందే రెండూ కానిచ్చేస్తాను.

ఇక అందరికీ కబురు చెప్పాలి. అంబర్‌పేట్‌లో మీ అన్నకు, ముందుగా చెప్పకపోతే అలుగుతాడు. అన్నోజిగూడలో మా చెల్లెకు. వరంగల్‌లో మా తమ్ముడికి, ఎస్టీడీ బూత్‌కు పోయి. చెంగిచెర్లలో మీ అమ్మకు మాత్రం నేనే పోయి చెప్పాలి. మతిమరుపులో ఆ ముసలామె, నువ్వెందుకు రాలేదని మళ్లీ అడుగుతుంది.